ఘటం తిరగని వీధి

మా ఊరి మీద నాకు ప్రేమ లేదు. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. పలాస అనగానే జీడిపప్పు గుర్తొచ్చి నోరూరేవాళ్ళు చాలామంది ఉంటారు, ఉండనీండి. నాకు మాత్రం మాయమ్మ చేతులు గుర్తొస్తాయి. జీడి రసం కాల్చేసిన చేతులవి. వేళ్ళ చివర్లు నల్లగా పెచ్చులు కట్టి ఉండేవి. కారం కూర కలుపుకుంటే మంటకి ఊదుకుంటూ తినేది.

కిందటి అమ్మోరి సంబరానికి ముందు కమిటీవాళ్ళు నన్ను పిలిచి, "సంబరం పుస్తకం ఒకటి అచ్చేత్తన్నాం టీచరమ్మా, మన ఊరు ఎలగ ఎదిగిందో నాలుగు పేజీలు రాసివ్వండి" అన్నారు. నేను రావివలస దగ్గర హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఊళ్ళ పుట్టుక, వర్తక మార్గాలు, జనం వలసలు, ఇవన్నీ నా పాఠాలే. అప్పుడు రాయలేదు. ఎందుకు రాయలేదో చెబుతాను. ఇప్పుడు ఎవరూ అడక్కుండానే రాస్తున్నాను. బడిలో నేను "చెప్పండి" అంటాను, కోపమొస్తే "సెప్పండ్రా" అంటాను. ఇక్కడ ఏది వస్తే అదే వస్తుంది.

ఊరు ఎలా ఎదిగిందంటే, ముందు రైలొచ్చింది. కలకత్తాకీ మద్రాసుకీ మధ్య పోయే ఇంజన్లు ఇక్కడ ఆగి నీళ్ళు తాగేవని, ఒక డ్రైవరు దిగి ఇంకో డ్రైవరు ఎక్కేవాడని మా నాన్న చెప్పేవాడు. బండి ఆగిన చోట టీ కొట్టు, టీ కొట్టు పక్కన సత్రం, సత్రం పక్కన సంత. పట్టాలకి ఒక పక్క పలాస, ఇంకో పక్క కాశీబుగ్గ. రెండూ పెరిగి పెరిగి ఒకదాన్నొకటి గుద్దుకుని ఒక్క ఊరైపోయాయి. రైలుగేటు పడినప్పుడు మాత్రం ఇటువాళ్ళు ఇటూ అటువాళ్ళు అటూ నిలబడి గేటు వేసినవాణ్ణి తిట్టేవారు. తరవాత ఉద్దానం నుంచి జీడిపిక్కలు బళ్ళ మీద దిగడం మొదలైంది. సముద్రం ఒడ్డు పొడుగునా కొబ్బరి, పనస, జీడి తోటలున్న నేలని ఉద్దానం అంటాం. తోటలు అక్కడివాళ్ళవి, పిక్కని కాల్చి పప్పు తీసే బట్టీలు ఊళ్ళో షావుకార్లవి. బట్టీలు ఫ్యాక్టరీలయ్యాయి, ఫ్యాక్టరీల పక్కన మేడలు లేచాయి, మేడల ముందు టెక్కలి నీలి రాయి నున్నగా పాలిష్ పెట్టి పరిచారు. ఇప్పుడు పిక్క ఉద్దానంది చాలడం లేదని ఆఫ్రికా నుంచి ఓడల్లో తెప్పిస్తన్నారు.

ఇంతవరకూ ఎవడైనా రాస్తాడు. ఆ పిక్కలు కొట్టింది ఎవరు, వాళ్ళు ఏ మూల ఉన్నారు, ఇది మాత్రం ఏ సంబరం పుస్తకంలోనూ రాదు.

వజ్రపుకొత్తూరు దగ్గర ఒడ్డున ఒక పల్లె మాది. నాన్న వేటకి వెళ్ళేవాడు. వేట లేని రోజుల్లో నౌపడ ఉప్పు మడుల్లోకి పోయేవాడు. వల బరువు తగ్గిపోయాక, పెళ్ళైన కొత్తలో మాయమ్మని తీసుకుని ఈ ఊరొచ్చాడు. అప్పటికి ఊరి చివర ఒక గెడ్డ ఉండేది. చిన్న ఏరుని మా వైపు గెడ్డ అంటాం. గెడ్డకి అవతల తుమ్మ చెట్లు, రాళ్ళు, ఎవరికీ అక్కర్లేని నేల. ఒడ్డు పల్లెల నుంచి ఫ్యాక్టరీ పనికొచ్చిన వాళ్ళందరూ అక్కడే తాటాకులు కప్పుకున్నారు. అదే మా వీధి. పేరు కూడా ఎవరూ పెట్టలేదు, గెడ్డ అవతల అంటారంతే. మాకు అది ఇవతలే గాని, మమ్మల్ని అడిగినోడెవడు.

నా చిన్నప్పుడు గెడ్డలో నీళ్ళు తేటగా పారేవి. మా గేదె దిగితే దాని కాళ్ళు కనబడేవి. ఊరు ఎదిగిన కొద్దీ గెడ్డ చిక్కిపోయింది. ఇటు నుంచి ఒక మేడ అడుగు ముందుకేసింది, అటు నుంచి ఒక గోడౌను. ఇప్పుడు అందులో పారేది ఊరి మురుగు. ఊరికి అవసరం లేనిదంతా మా గుమ్మం ముందు నుంచే పోవాలి కదా మరి.

సంబరం సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మా అమ్మోరి సంబరం మూడేళ్ళకోసారి. పసుపు రాసి, వేపమండలు కట్టి, లోపల దీపం పెట్టిన కుండని ఘటం అంటారు. సంబరం నాడు అమ్మోరు అందులో ఉంటుంది. ఎత్తినవాడి మొహం మండల్లో కనబడదు, వాడికీ దారి కనబడదు. డప్పు ఎటు పోతే వాడు అటు. వాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు, పలకరించకూడదు. ఘటం గుమ్మం గుమ్మానికీ ఆగుతుంది, ఆ ఇంటి ఆడది పసుపునీళ్ళతో కాళ్ళు కడుగుతుంది. ఘటం ఎందాకా తిరిగితే అందాకా ఊరు. మిగతాదంతా పొలిమేర అవతల.

ఊరి చివరికి వచ్చాక డప్పులోళ్ళలో పెద్దాయన కుండెడు పసుపునీళ్ళు దారికి అడ్డంగా, ఈ కాలవ నుంచి ఆ కాలవ దాకా పోస్తాడు. గీత పొయ్యడం అంటారు దాన్ని. ఆ తడి గీతని ఘటం దాటకూడదు. ముందుకీ దాటకూడదు, వెనక్కీ దాటకూడదు. దాటితే అమ్మోరు ఊరి మీద పడుతుందని భయం. ఘటం గీత దగ్గర పక్కకి తిరిగి వెళ్ళిపోతుంది. ఆ గీత ఎక్కడ పోసేవారో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. గెడ్డ మీద కల్వర్టు దగ్గర.

మాయమ్మ ఈ ఊరొచ్చాక మొదటి సంబరానికి గుమ్మం కడిగి, ముగ్గేసి, ఇత్తడి బిందెతో పసుపునీళ్ళు పెట్టుకుని కూచుంది. ఒడ్డు పల్లెలో వాళ్ళ అమ్మోరి ఘటం అందరి గుమ్మాలకీ వచ్చేదట, ఇక్కడా వస్తుందనుకుంది. డప్పులు కల్వర్టు దాకా వచ్చి వెనక్కి పోయాయి. పక్కింటివాళ్ళు "మనకి రాదొలే" అని చెబితే నమ్మలేదు. బిందె ఎత్తుకుని కల్వర్టు దాటి ఘటం వెనక పరిగెత్తింది. ఒక పెద్దింటి ఆవిడ గుమ్మంలో నిలబడి, "అవతలోళ్ళు అవతలే ఉండాల. బిందె దింపు" అందట. మాయమ్మ దింపలేదు. ఎత్తుకున్న బిందె ఎత్తుకున్నట్టే ఇంటికొచ్చి, ఆ నీళ్ళు మునగ చెట్టుకి పోసింది.

ఆ రోజు నుంచి ఆవిడకి అదొక్కటే పట్టుదల. ఘటం మా వీధిలోకి రావాల, తన గుమ్మం ముందు నిలబడాల, తను కాళ్ళు కడగాల. ఇంకేటీ అడగలేదు జీవితంలో. ప్రతి సంబరానికీ బిందె నింపి గుమ్మం ముందు పెట్టేది. ఘటం కల్వర్టు దగ్గర తిరిగిపోయేది. నీళ్ళు మునగ చెట్టు తాగేది. వీధిలో మిగతా ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు బిందెలు పెట్టడం మానేశారు. నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి విసుక్కున్నాను.

"రాదని తెలిసి ఎందుకమ్మా పెడతావు?"

"రాదని వోళ్ళన్నారు. అమ్మోరు అన్నేదు కదా."

నేను సోషల్ టీచర్ని, నాకు దేవుళ్ళ గొడవ పెద్దగా లేదు. కాని ఆ గీత నీళ్ళతో పోసిందే అయినా ఏడాది పొడుగునా ఆరేది కాదని నాకు తెలుసు. వీధి లైట్లు కల్వర్టు దాకా వచ్చి ఆగాయి. సిమెంటు రోడ్డు కల్వర్టు దాకా వచ్చి ఆగింది. ఉద్దానం కిడ్నీ జబ్బు భయంతో మంచినీళ్ళ పైపులు వేసినప్పుడు, అవీ కల్వర్టు అవతలే ఆగాయి. అడిగితే ప్రతివాడిదీ ఒకటే మాట, "అది ఊరిలోది కాదు కదమ్మా". తుఫానుకి కొబ్బరి చెట్లన్నీ పడిపోయిన ఏడు ఒడ్డు నుంచి ఇంకో యాభై కుటుంబాలు వచ్చి మా వీధిలో చేరాయి. వీధి పొడుగైంది, పేరు మారలేదు.

నాన్నకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఈ జబ్బు ఇంటికొకటి. నీళ్ళో, ఎండో, మందులో, ఎందుకొస్తుందో ఇప్పటికీ తేల్చి చెప్పినవాడు లేడు. నాన్న వెళ్ళిపోయాక కొన్నేళ్ళకి మాయమ్మకీ వచ్చింది. ఇప్పుడు డయాలసిస్ మీద ఉంది. ఆ జబ్బులో చిత్రం ఏటంటే, జబ్బు తెచ్చేవీ నీళ్ళే అంటారు, జబ్బొచ్చాక తాగకూడనివీ నీళ్ళే. రోజుకి ఒక్క చిన్న సీసాడు, అంతే. మాత్రకీ దాహానికీ అన్నిటికీ అదే. టిన్ను నీళ్ళు కొని, పొద్దున్నే సీసా నింపి పక్కన పెట్టుకుంటుంది. గుటక కూడా వేయదు, నాలిక తడుపుకుని మూత బిగిస్తుంది. మండు వేసవిలో ఆవిడ ఆ సీసా మూత బిగించే తీరు చూస్తే నాకు ఎవరినైనా కొట్టాలనిపిస్తుంది. ఎవరిని కొట్టాలో తెలీక ఊరుకుంటాను.

కమిటీవాళ్ళు నాలుగు పేజీలు అడిగింది ఆవిడ ఇలా ఉన్నప్పుడే. కమిటీ పెద్ద ఒక జీడిపప్పు షావుకారు. మాయమ్మ చాలా ఏళ్ళు వాళ్ళ ఫ్యాక్టరీలోనే పిక్కలు కొట్టింది. ఏసీ గదిలో కూచోబెట్టి, ప్లేటులో వేయించిన గుండు పప్పు పెట్టారు. నేను ముట్టుకోలేదు. పేజీలు రాస్తాను గాని నాదొక మాట అన్నాను. మాయమ్మ పరిస్థితి చెప్పాను. మళ్ళీ సంబరం నాటికి ఉంటుందో లేదో అన్నాను. ఈసారి ఘటాన్ని మా వీధిలోకి తీసుకురండి, ఒక్క గుమ్మానికైనా చాలు అని అడిగాను. అడగడం నాకు చేతకాదు, అయినా అడిగాను.

ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. "ఘటం దారి మేం గీసింది కాదు టీచరమ్మా. పెద్దల నాటిది. అమ్మోరి దారి. మనం మార్చకూడదు."

"మరి మీ కొత్త లేఔటుకి కిందటిసారి ఎలా వచ్చింది? మొన్నటిదాకా అది వరిచేను కదా."

ఆయన నవ్వాడు. "అది వేరు. అది ఊరు ఎదగడం."

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డికి అన్నాడట వెనకటికెవడో. చేను పూడ్చి కట్టిన నిన్నటి మేడ ఊరంట. రెండు తరాల నుంచి ఆ ఊరికి పప్పు ఒలిచి పెట్టినవాళ్ళది ఊరు కాదంట. అక్కడే లేచి వచ్చేశాను. ఆ నాలుగు పేజీలు రాయలేదు. వాళ్ళు ఇంకెవరిచేతో రాయించుకున్నారు. అందులో రైలు ఉంది, పప్పు ఉంది, మేడలు ఉన్నాయి, రంగు ఫొటోలు ఉన్నాయి.

ఇంటికొచ్చి మాయమ్మకి చెప్పాను. సంబరం ముందు రోజు ఆవిడ డయాలసిస్ చేయించుకుని వచ్చి, మంచం మీద పడుకోకుండా చింతపండు పెట్టి ఇత్తడి బిందె తోముతోంది.

"మళ్ళీ పెడతావేటి?" అన్నాను.

"పెడితే నీకేటి నొప్పి?" అంది.

ఆ ఏడు సంబరానికి కొత్త వింత ఏటంటే, బరంపురం నుంచి బ్యాండు. మా చుట్టుపక్కల డప్పులోళ్ళు పాతబడిపోయారంట, వీడియోలో బాగోరంట. తాతల నాటి నుంచి ఘటం ముందు నడిచినవాళ్ళకి ఈసారి రావద్దని కబురు పంపారు. బ్యాండువాళ్ళకి ఎర్ర కోట్లు, తలపాగాలు, చక్రాల బండి మీద ఏనుగంత డ్రమ్ము, దాని చుట్టూ రంగు లైట్లు. డప్పులోళ్ళని మానిపించినప్పుడు వాళ్ళతోపాటు ఇంకేం మానిపించారో కమిటీలో ఒక్కడికీ తట్టలేదు. గీత పోసేది ఆ డప్పులోళ్ళ పెద్దాయనే కదా. ఆయన లేకపోతే గీత ఎవరు పోస్తారు? ఎవరూ అనుకోలేదు. వాళ్ళకి ఆ గీత ఎప్పుడూ దానంతట అదే పడుతున్నట్టు ఉండేది కాబోలు. గీతకి మా వైపు నిలబడి చూసినవాళ్ళకే తెలుసు, దాన్ని ప్రతిసారీ ఒక మనిషి పోస్తాడని.

దీపాలు పెట్టే వేళకి మాయమ్మా నేనూ అరుగు మీద కూచున్నాం. బిందె గుమ్మం ముందు ఉంది, సీసా ఆవిడ ఒళ్ళో ఉంది. ఊళ్ళోంచి హోరు వినబడుతోంది.

"ఏటే, దగ్గరగా ఇనబడతన్నాది?" అంది.

"బాక్సులమ్మా. సౌండు పెంచినట్టున్నారు."

"బాక్సులు నడిసొత్తాయేటే?"

అప్పుడు చూశాను. కల్వర్టు మీద రంగు లైట్లు. జరిగిందేటంటే, ఘటం ఎప్పుడూ తిరిగే ఎడమ చేతి రోడ్డుని కాలవ పని కోసం తవ్వేసి చెక్కలు వేశారు. మనుషులు నడిచిపోవచ్చు గాని డ్రమ్ము బండి ఆ చెక్కల మీంచి పోదు. ఎదురుగా కల్వర్టు నున్నగా ఉంది. దాని మీద చుక్క తడి లేదు. బ్యాండువాళ్ళకి మా ఊరూ తెలీదు, మా గొడవలూ తెలీవు. తిన్నగా వచ్చేశారు. డ్రమ్ము వెనక ఘటం వచ్చేసింది. కమిటీ పెద్దలు బాగా వెనకపడి ఉన్నారు, ఎవరో నాయకుడికి దండలు వేయించి డ్రోనుతో తీయిస్తన్నారట.

ఘటం మా ఇంటికి నాలుగిళ్ళ అవతల దాకా వచ్చింది. అప్పుడు పరిగెత్తుకొచ్చారు కమిటీవాళ్ళు, పంచెలు ఎగ్గట్టి, రొప్పుకుంటూ. బ్యాండు ఆపించారు. షావుకారు మొహం ఎర్రగా అయిపోయింది.

"ఎవుడ్రా ఇటు తిప్పినోడు?"

బ్యాండు మేస్త్రి చేతులు కట్టుకున్నాడు. "మీరే సిధా పొమ్మన్నారు బాబూ. సిధా ఒచ్చినాం."

పూజారిని ముందుకు తోశారు. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, కాళ్ళు ఇంకా ఎవరూ కడగలేదు కాబట్టి అమ్మోరు ఈ వీధికి వచ్చినట్టు కాదు, గీత పడలేదు కాబట్టి దాటినట్టూ కాదు, వెనక్కి తిప్పేయొచ్చు అన్నాడు. చిటికెలో తేల్చేశారు. మా వీధి ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి వింటున్నారు. ఒక్కరి చేతిలోనూ బిందె లేదు. ఎత్తినవాడు మండల్లో మొహం దాచుకుని, ఏ డప్పు మోగితే దాని వెనక పోదామని నిలబడి ఉన్నాడు. వాడి చుట్టూ టీషర్టు కుర్రాళ్ళు చేతులు పట్టుకుని కంచె కట్టారు, ఎవరైనా వచ్చి కాళ్ళ మీద నీళ్ళు పోసేస్తారేమోనని.

మాయమ్మ లేచింది. బిందె ఎత్తి నడుం మీద పెట్టుకుంది. నేను పట్టుకోబోతే చెయ్యి తోసేసింది. ఉబ్బిన కాళ్ళతో గోడ పట్టుకుని నడుస్తోంది.

షావుకారు చూశాడు. "పెద్దమ్మా, నీకు ఒంట్లో బాగోనేదు. కూసో. వొచ్చేసారి సూద్దాం."

"వొచ్చేసారి నాను ఉండను నాయినా," అంది. గొంతులో ఏడుపు లేదు, ధర చెప్పినట్టు చెప్పింది.

కుర్రాళ్ళు కంచె బిగించారు. ఆవిడ వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. గోడ పక్క నుంచి వాళ్ళని దాటుకుని కల్వర్టు వైపు పోయింది. ముసల్ది అలిగి పోతోందనుకుని దారిచ్చారు. నేనూ అలాగే అనుకున్నాను. ఈసారి మునగ చెట్టుకి కాకుండా గెడ్డలో పోసేస్తుందనుకున్నాను. ఘటానికి వెనక, పది బారల అవతల ఆగింది. ఇటు తిరిగింది. బిందె వంచి, ఈ కాలవ నుంచి ఆ కాలవ దాకా, వీధికి అడ్డంగా, చుక్క మిగలకుండా పోసింది.

నీళ్ళ చప్పుడుకి అందరూ తిరిగి చూశారు. మట్టి మీద పసుపు గీత పడి ఉంది. దానికి అవతల ఊరు. ఇవతల మేమూ, అమ్మోరూ.

"ఏటి సేసినావు ముసలమ్మా?" అన్నాడు షావుకారు.

"మీరు ఇన్నాళ్ళూ సేసిందే," అంది మాయమ్మ.

పూజారి గీత దాకా వెళ్ళి, వంగి చూశాడు. తడి ఎక్కడైనా తెగిందేమోనని చూశాడనుకుంటాను. తెగలేదు. మాయమ్మ ఏళ్ళ తరబడి పిక్క మీద దెబ్బ వేస్తే పప్పు బద్దలవకుండా గుండుగా వచ్చేది, ఆవిడ చెయ్యి వణకదు. పూజారి చేతులు జోడించి, బ్యాండువాళ్ళతో, ఇక వెనక్కి లేదు, ముందుకి నడవండి అన్నాడు. మా వీధి చివర నుంచి గెడ్డ గట్టు మీదుగా చుట్టు తిరిగి స్టేషను వైపు చేరాలి. అంటే వీధంతా తిరగాలి. ప్రతి గుమ్మం ముందూ ఆగాలి.

అప్పుడు చూడాలి మా వీధిని. పసుపు కలిపిన నీళ్ళు ఎవరి దగ్గరా లేవు. గెడ్డ నీళ్ళు అమ్మోరికి పనికిరావు. తాగడానికి కొనుక్కున్న టిన్నులు ఎత్తుకొచ్చారు. వంటింట్లో పసుపు డబ్బాలు తెచ్చి టిన్నుల్లోనే గుమ్మరించారు. ఒకావిడ కాళ్ళు కడుగుతూ షావుకారుని చూస్తూ తిట్టింది. మొక్కుకుంటోందో తిడుతోందో తెలియనట్టు తిట్టింది. నాకు మహా సంతోషమేసింది. అబద్ధమెందుకు, భక్తి కాదది, కసి.

ఘటం మా గుమ్మం ముందుకొచ్చి ఆగింది.

మాయమ్మ చేతిలో బిందె ఖాళీ. ఇన్నేళ్ళు ఎదురుచూసిన కాళ్ళు ఎదురుగా ఉన్నాయి, దుమ్ము కొట్టుకుని. నీళ్ళన్నీ గీతకే పోసేసింది. నేను లోపలికి పరిగెత్తాను. మా టిన్ను నేను చూసేలోపే పక్కింటివాళ్ళు ఎత్తుకుపోయారు. తిరిగొచ్చేసరికి ఆవిడ అరుగు మీద పెట్టిన సీసా అందుకుని మూత తీస్తోంది. ఆ రోజుకి ఆవిడ నీళ్ళవి. ఎండ పూట కూడా నాలిక తడుపుకోవడమే గాని తాగలేదేమో, ముప్పాతిక వంతు అలాగే ఉన్నాయి. నేను "అమ్మా" అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. కూలబడి, ఒక కాలికి సగం, ఇంకో కాలికి సగం పోసి, ఆ నల్ల వేళ్ళతో దుమ్ము పోయేదాకా రుద్దింది. కొంగుతో తుడిచింది. ఘటం ముందుకి కదిలింది.

"టిన్ను ఎక్కడో అక్కడ దొరుకుద్ది, రెండు గుక్కలు తాగమ్మా," అన్నాను తరవాత.

"ఇయాల్టి లెక్క ఐపోనాది," అంది. "దాహం నాకు కొత్తేటి?"

రాత్రంతా పెదాలు నాలుకతో తడుపుకుంటూ పడుకుంది. పక్కన కూచుని నేను ఈ ఊరిని పేరు పేరునా తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దెక్కాక, టిన్నుల బండి ఇంకా రాకముందే షావుకారు వచ్చాడు. మా ఇంటికి ఆయన రావడం అదే మొదలు. కారు కల్వర్టు అవతలే ఆపి నడిచొచ్చాడు. మా అరుగు మీద తుండు పరుచుకుని కూచున్నాడు. చెమటలు కారుతున్నాయి. మాయమ్మ లోపల మంచం మీద నుంచి లేచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

ఆయన మాట చాలా మెత్తగా ఉంది. గీత మీద ఊళ్ళో పెద్ద చర్చ అయిందట. ఘటం ఒకసారి తిరిగిన వీధిలో ఇక ఎప్పుడూ తిరగాలట, లేకపోతే దోషమట. అయితే ఒక దారుందట. ఆ నీళ్ళు కావాలని పోసినవి కాదు, ముసలి ప్రాణం, చెయ్యి జారి ఒలికిపోయాయి, అని మాయమ్మ పెద్దల ముందు ఒక్క మాట చెబితే చాలట. ఒలికిన నీళ్ళు గీత కాదు కాబట్టి నిన్నటిది లెక్కలోకి రాదట.

"ఊరికే సెప్పమనటం నేదు పెద్దమ్మా," అన్నాడు. "కల్వర్టు కాడ ఆగిపోయిన పైపు ఉంది కదా. ఆ కాంట్రాక్టరు మనోడే. నెల తిరక్కుండా మీ వీధికి కుళాయిలు ఏయిత్తాను. నా పూచీ."

నేను మాయమ్మ వంక చూశాను. కుళాయి అంటే మా వీధిలో పసిపిల్లలకి మంచినీళ్ళు. మాయమ్మకి, నాన్నకి వచ్చిన జబ్బు వాళ్ళకి రాకపోవచ్చేమోనన్న ఆశ. ఒక్క మాటకి అంత ఇస్తానంటున్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మాకు రావలసిన నీళ్ళనే మాకు దానమిస్తానంటున్నాడు.

మాయమ్మ తొందరపడలేదు. నాలిక ఎండిపోయి మాట పెగలక, ఒకసారి గొంతు సవరించుకుంది.

"సెయ్యి జారనేదు నాయినా," అంది. "పోసినాను."

"ఆలోచించుకో పెద్దమ్మా."

"ఊరవతల ఈదికి నీళ్ళిత్తే అది నీ ధర్మం. ఊళ్ళో ఈదికి నీళ్ళు రావడం ఆ ఈది హక్కు. నిన్నటి నుంచి మాది ఊరే. నీ ధర్మం నాకొద్దు."

ఆయన తుండుతో మొహం తుడుచుకున్నాడు. ఎండ మండుతోంది, నడిచొచ్చాడు, గొంతు ఎండినట్టుంది. లేవబోతూ అలవాటు కొద్దీ నా వైపు తిరిగి, "కొంచెం మంచినీళ్ళుంటే ఇప్పించండి టీచరమ్మా," అన్నాడు.

నేను కదిలేలోపే మాయమ్మ అరుగు మీద ఉన్న సీసా తీసి, మూత విప్పి ఆయన ముందు తలకిందులు చేసి చూపించింది.

"నేవు నాయినా," అంది. "నిన్న అమ్మోరి కాళ్ళకి ఐపోనాయి."